పాటగాడి మాట

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం సినిమాకు తొలి పాట పాడింది 1966 డిసెంబరులో, ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ కోసం. ఆ తర్వాత దశాబ్దం తిరిగేసరికి ఆయన గొంతుకు రెండో వృత్తి దొరికింది. కె. బాలచందర్ 1976లో తీసిన తమిళ చిత్రం ‘మన్మథ లీలై’ని తెలుగులోకి ‘మన్మథ లీల’గా మార్చినప్పుడు, కమల్ హాసన్ పాత్రకు మాటలు చెప్పే పని అనుకోకుండా ఆయన మీద పడింది. అలా మొదలైన డబ్బింగ్ నాలుగు దశాబ్దాల పాటు పాట పక్కనే నడిచింది. గాయకుడిగా ఆయన గురించి పుస్తకాలకు పుస్తకాలే వచ్చాయి. డబ్బింగ్ కళాకారుడిగా ఆయన చేసిన పనికి మాత్రం ఆ పుస్తకాల చివర ఒక పేరా దక్కుతూ వచ్చింది. ఆ పేరాను విప్పి చూడాలంటే ముందు తెలుగులో గొంతు అరువిచ్చే వృత్తి ఎలా పుట్టిందో చూడాలి.

టాకీలు వచ్చిన తొలి ఏళ్లలో అరువు గొంతుకు చోటే లేదు. హెచ్.ఎం. రెడ్డి ‘భక్త ప్రహ్లాద’ నాటి నటులు కెమెరా ముందే మాట్లాడారు, కెమెరా ముందే పాడారు. గొంతు బాగా లేని నటుడికి సినిమాలో వేషం లేదు. పద్యం పాడగల రంగస్థల నటులకే పిలుపు రావడానికి కారణం అదే. నేపథ్య గానం స్థిరపడ్డాక పాట నటుడి నోటి నుంచి విడిపోయింది. మాట విడిపోవడానికి ఇంకొంత కాలం పట్టింది.

తెలుగులో తొలి డబ్బింగ్ చిత్రం 1950లో వచ్చిన ‘ఆహుతి’. ‘నీరా ఔర్ నందా’ అనే హిందీ చిత్రానికి అది తెలుగు రూపం. దానికి మాటలు, పాటలు రాసింది శ్రీశ్రీ. ‘మహాప్రస్థానం’ కవి సినిమా రంగంలో కాలుపెట్టింది ఒక డబ్బింగ్ చిత్రంతో అన్న సంగతి ఆయన అభిమానులకే చాలామందికి తట్టదు. ఛందస్సు మీద పట్టున్న కవికి ఈ పని బాగా నప్పడంలో వింతేమీ లేదు. తెర మీది పెదవులు ఎన్ని మాత్రలు కదిలితే అన్ని మాత్రలే మాట ఉండాలి, ఒకటి ఎక్కువైనా తక్కువైనా కుదరదు. తర్వాతి తరాల్లో అనిసెట్టి, ఆరుద్ర, రాజశ్రీ, వెన్నెలకంటి ఈ దారిలో నడిచారు. మణిరత్నం ‘రోజా’కు, శంకర్ ‘ప్రేమికుడు’కు తెలుగు పాటలు రాసిన రాజశ్రీ జీవితంలో సింహభాగం ఇలాంటి రచనకే గడిచింది.

ఈ పని ఎంత చిక్కైనదో ఒక్క మాటతో చెప్పవచ్చు. తమిళంలో డబ్బును ‘పణం’ అంటారు. ఆ మాట ఎత్తుకోవడమే పెదవులు మూసి ఎత్తుకోవాలి. తెలుగులో ‘డబ్బు’ అంటే పెదవులు మూతపడేది నడుమ. నటుడి ముఖం తెర నిండా కనిపిస్తున్న షాట్‌లో ఆ తేడా ప్రేక్షకుడికి పట్టుబడిపోతుంది. అక్కడ రచయిత ‘పైకం’ అని రాయగలిగితే అతికినట్టు కుదురుతుంది. అయితే ఆ పాత్ర పట్నపు కుర్రవాడైతే ‘పైకం’ అనడు. పెదవికీ పాత్రకూ మధ్య ఇలా రోజంతా బేరాలు సాగుతుంటాయి. ప, బ, మ అక్షరాలను డబ్బింగ్ రచయితలు మేకుల్లా వాడతారు. పెదవులు మూతపడే చోట వాటిని దిగగొట్టి, మిగతా వాక్యాన్ని వాటి మధ్య అల్లుతారు. తమిళ, తెలుగు వాక్యాలు రెండింటిలోనూ క్రియ చివరికే రావడం ఒక వెసులుబాటు. ఇంగ్లీషు సినిమాకు ఆ సుఖం లేదు. అక్కడ నటుడు అసలు మాట అనేసి పక్కకు చూస్తాడు, తెలుగు వాక్యానికి ఇంకా క్రియ రాదు.

రాసిన మాట గొంతుకు చేరే చోటు డబ్బింగ్ థియేటర్. పాత రోజుల్లో సన్నివేశాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క మొదలును చివరకు అతికి, ప్రొజెక్టరు మీద గుండ్రంగా తిప్పేవారు. దాన్ని లూప్ అనేవారు. తెర మీద అదే నాలుగు మాటల ముక్క మళ్లీ మళ్లీ వస్తుంటే, కళాకారులు మైకు ముందు నిలబడి పెదవుల కదలికకు అలవాటు పడి, కుదిరిందనుకున్నప్పుడు రికార్డు చేసేవారు. సన్నివేశంలో నలుగురు మాట్లాడితే నలుగురూ ఆ మైకు చుట్టూ చేరాల్సిందే. ఒకరు తడబడితే అందరూ మళ్లీ మొదటికి వెళ్లాలి. ఫిల్మును ముందుకూ వెనక్కూ నడిపించే ‘రాక్ అండ్ రోల్’ పద్ధతి వచ్చాక పని కొంత తేలికైంది. కంప్యూటర్లు వచ్చాక ఎవరి ట్రాకు వారు ఒంటరిగా చెప్పుకొని వెళ్లిపోవడం మొదలైంది.

ఈ వృత్తి పెరగడానికి పరభాషా చిత్రాలు ఒక్కటే కారణం కాదు. స్టూడియో ఫ్లోర్లు వదిలి ఆరుబయటకు వెళ్లిన యూనిట్లు చేతపట్టుకు తిరగగల చిన్న ఆరిఫ్లెక్స్ కెమెరాలను తీసుకెళ్లాయి. అవి నడుస్తుంటే కుట్టుమిషను పక్కన పెట్టినంత చప్పుడు. షూటింగులో పట్టిన ధ్వని నటులకు గుర్తు కోసం తప్ప ఎందుకూ పనికిరాకపోయేది. దాంతో నేరుగా తెలుగులో తీసిన సినిమాకు కూడా మాటలన్నీ తర్వాత థియేటర్‌లోనే చెప్పించాల్సి వచ్చింది. ఎలాగూ మళ్లీ చెప్పించాలి కదా, అలాంటప్పుడు ఆ నటే చెప్పాలని ఏముంది? బొంబాయి నుంచి వచ్చిన కథానాయికకు తెలుగు రాకపోయినా ఫరవాలేదన్న ధైర్యం నిర్మాతలకు ఇక్కడే కలిగింది. తెలుగు తెర మీద తెలుగు రాని నాయికలు ఇంతమంది వెలగడానికి మొదటి కారణాల్లో కెమెరా చప్పుడు ఒకటి.

ఆ ఖాళీని నింపినవారిలో నటులే ఎక్కువ. ఢిల్లీలో ఆకాశవాణి తెలుగు వార్తలు చదివి వచ్చిన కొంగర జగ్గయ్య, శివాజీ గణేశన్ తమిళ చిత్రాలు తెలుగులోకి వచ్చినప్పుడు ఆయనకు గొంతునిచ్చారు. కంచుకంఠం అని పేరుబడ్డ ఆ గొంతు శివాజీ ఆవేశానికి సరితూగింది. పి.జె. శర్మ చిన్న వేషాలు వేస్తూ డబ్బింగ్‌ను జీవనోపాధి చేసుకున్నారు. ఆయన కుమారులు సాయికుమార్, రవిశంకర్, అయ్యప్ప శర్మ ముగ్గురూ అదే బాట పట్టారు. సుమన్, రాజశేఖర్‌ల గొంతుగా ప్రేక్షకులు ఏళ్ల తరబడి విన్నది సాయికుమార్‌నే. ‘అరుంధతి’ (2009)లో సోనూ సూద్ పాత్రకు చెప్పిన మాటలతో రవిశంకర్‌కు ‘బొమ్మాళి’ ఇంటిపేరై కూర్చుంది. ‘మరో చరిత్ర’ నాయిక సరిత, బాల ప్రహ్లాదుడిగా పేరు తెచ్చుకున్న రోజారమణి తర్వాతి కాలంలో ఎందరో కథానాయికలకు గొంతులయ్యారు.

పొరుగున కన్నడంలో ఇలాంటి వృత్తి ఎదగలేదు. 1960లలో డబ్బింగ్‌కు వ్యతిరేకంగా వచ్చిన ఉద్యమం తర్వాత అక్కడ పరభాషా చిత్రాలను కన్నడంలోకి మార్చడంపై అనధికార నిషేధం దశాబ్దాలు నడిచింది. 2015లో కాంపిటీషన్ కమిషన్ తీర్పు ఇచ్చేదాకా అది సడలలేదు. తమాషా ఏమిటంటే, తెలుగులో గొంతుకే పరిమితమనుకున్న సాయికుమార్ కన్నడ ‘పోలీస్ స్టోరీ’ (1996)తో అక్కడ హీరో అయ్యారు. తెలుగువారికి గొంతుగా తెలిసిన మనిషి ముఖాన్ని కన్నడిగులు ముందుగా గుర్తుపట్టారు.

తెలుగులో ఇంత రద్దీగా ఉన్న ఈ వృత్తిలోకి బాలసుబ్రహ్మణ్యం, అంటే అందరి బాలు, పాటగాడిగా వచ్చారు. అది ఆయనకు అడ్డు కాకపోగా పెట్టుబడి అయింది. నటుడి మాట తీరు గమనించి పాటలోకి తెచ్చే అలవాటు ఆయనకు అప్పటికే ఉంది. ఎన్టీఆర్‌కు ఒక తీరు, ఏఎన్నార్‌కు మరో తీరు. ‘మనుషులంతా ఒక్కటే’ (1976)లో అల్లు రామలింగయ్యకు పాడిన పాట వింటే అల్లువారే పాడారేమో అనిపిస్తుంది. ముక్కుతో పలికే పలుకు, మాట చివర విరుపు, నవ్వు కలిపిన గొంతు, వీటన్నిటినీ పాటలో దించగలిగినవాడికి శ్రుతి, తాళం లేని మాట ఒక లెక్క కాదనుకోవచ్చు. నిజానికి మాటే కష్టం. పాటకు సంగీత దర్శకుడు దారి వేసి ఇస్తాడు. మాటకు ఆ దారి నటుడి ముఖంలో వెతుక్కోవాలి, పైగా ఆ నటుడు మరో భాషలో ఆలోచిస్తూ నటించి ఉంటాడు.

హరికథలు చెప్పే సాంబమూర్తి కొడుకు కావడం కూడా ఇక్కడ కలిసివచ్చిందనుకోవాలి. హరికథలో ఒక్క మనిషే కథకుడు, నాయకుడు, నాయిక, హాస్యగాడు. పాటలోంచి మాటలోకి, మాటలోంచి పాటలోకి జారడం ఆ కళకు ప్రాణం. డబ్బింగ్ థియేటర్‌లో బాలు చేసిందీ ఇంచుమించు అదే.

కమల్ హాసన్‌తో ఆయన జోడీ ‘మన్మథ లీల’తో ఆగలేదు. కమల్ తమిళంలో చేసిన చిత్రాలు తెలుగులోకి వచ్చినప్పుడల్లా మాటకు బాలునే పిలవడం ఆనవాయితీ అయింది. ఇక్కడ ఒక చిత్రమైన లాభం దొరికింది. మామూలుగా సినిమాలో హీరో మాట్లాడుతూ మాట్లాడుతూ పాట అందుకోగానే గొంతు మారిపోతుంది. ప్రేక్షకుడు దానికి అలవాటు పడి పట్టించుకోడు. బాలు మాట చెప్పి బాలునే పాట పాడితే ఆ అతుకు కనిపించదు. తెలుగు ప్రేక్షకుడికి కమల్ మాట, పాట ఒకే గొంతు నుంచి వచ్చాయి. తమిళ మాతృకలో ఈ సౌఖ్యం లేదు. అక్కడ మాట కమల్‌ది, పాట తరచూ బాలుది. అనువాదం మూలం కన్నా ఒక మెట్టు పైన నిలిచిన అరుదైన సందర్భాల్లో ఇది ఒకటి.

సల్మాన్ ఖాన్ విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. ‘మైనే ప్యార్ కియా’ (1989)తో హిందీలో ఆయనకు పాటల గొంతుగా నిలిచిన బాలు, తెలుగులో ఆయనకు మాటల గొంతు కూడా అయ్యారు. రజనీకాంత్, విష్ణువర్ధన్, భాగ్యరాజ్, మోహన్, అర్జున్, కార్తీక్, రఘువరన్, గిరీశ్ కర్నాడ్, నాగేశ్, జెమినీ గణేశన్, అనిల్ కపూర్... ఆయన గొంతునిచ్చిన నటుల జాబితా చదువుతుంటే ఒక సంగతి స్పష్టమవుతుంది. ఇందులో వయసు, శరీరం, వేగం ఏ ఇద్దరివీ ఒకటి కావు. భాగ్యరాజ్ నంగినంగిగా మాట్లాడతాడు, రఘువరన్ మాటను నమిలి వదులుతాడు. నాగేశ్ సంగతి చెప్పనక్కర్లేదు, ఆయన వేగం అందుకోవడమే ఒక పరీక్ష.

ఈ పనుల్లో ఎక్కువగా గుర్తుండిపోయింది ‘అన్నమయ్య’ (1997). కె. రాఘవేంద్రరావు దర్శకత్వంలో నాగార్జున అన్నమయ్యగా, సుమన్ వేంకటేశ్వరుడిగా నటించారు. సుమన్‌కు అలవాటైన సాయికుమార్ గొంతు పక్కన పెట్టి, స్వామి మాటలను బాలుతో చెప్పించారు. ఆ నిర్ణయం సబబేనని సినిమా చూసినవారికి తెలుసు. పోలీసు పాత్రల్లో గర్జించిన గొంతు ఏడుకొండలవాడి నోట వినిపిస్తే ప్రేక్షకుడి చూపు గుడి దాకా వెళ్లేది కాదు. బాలు స్వామిని గంభీరంగా కాక దగ్గరివాడిగా పలికించారు. స్థాయి పెంచకుండా, మాట మాటకూ మధ్య కాస్త చోటు వదులుతూ చెప్పారు. అదే సినిమాలో అన్నమయ్య పాడే కీర్తనలూ బాలు గొంతువే. అంటే భక్తుడు పాడుతున్నదీ, దేవుడు బదులు చెబుతున్నదీ ఒక్క మనిషే. తెర మీద ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరికీ ఒకే గొంతు అని థియేటర్లో ఎవరికీ ఎబ్బెట్టు అనిపించలేదు. ఆ డబ్బింగ్‌కు ఆయనకు రాష్ట్ర ప్రభుత్వ నంది పురస్కారం వచ్చింది. ‘శ్రీ సాయి మహిమ’కూ డబ్బింగ్ విభాగంలో ఆయన నంది అందుకున్నారు.

పాత్రల సంఖ్యలో చూస్తే ‘దశావతారం’ (2008) అన్నిటికన్నా బరువైన పని. కె.ఎస్. రవికుమార్ తీసిన ఆ తమిళ చిత్రంలో కమల్‌వి పది వేషాలు. తెలుగులో వాటిలో ఏడింటికి బాలు ఒక్కరే మాట చెప్పారు. ఆ ఏడింటిలో ముసలమ్మ పాత్ర కూడా ఉంది. అప్పటికి ఆయన వయసు అరవై దాటింది. మేకప్ వేషాలు కమల్‌కు గంటల పని కాగా, బాలుకు ఉన్నవి ఒక మైకు, ఒక కాగితం. ఆ సినిమాను కళ్లు మూసుకొని వింటే వేషాలు ఎంతవరకు మేకప్‌వో, ఎంతవరకు గొంతువో తేల్చుకోవచ్చు.

మరో కొసన, రిచర్డ్ అటెన్‌బరో ‘గాంధీ’ తెలుగు రూపంలో బెన్ కింగ్స్‌లీకి గొంతునిచ్చింది కూడా బాలునే. ఇక్కడ అనుకరణకు దారి మూసుకుపోతుంది. గాంధీ అసలు గొంతు రికార్డుల్లో ఉంది, కింగ్స్‌లీ ఇంగ్లీషు ఉచ్చారణ తెర మీద ఉంది. తెలుగు గొంతు ఈ రెండింటిలో దేని వెంటా పడకుండా మూడోదాన్ని నమ్మించాలి. ఎదురు దిశలోనూ ఆయన పనిచేశారు. బాపు ‘శ్రీరామరాజ్యం’ (2011) తమిళంలోకి వెళ్లినప్పుడు బాలకృష్ణ రాముడికి తమిళ మాటలు చెప్పారు. తెలుగువాడు తమిళంలో తెలుగు నటుడికి గొంతు కావడం మద్రాసులో స్థిరపడ్డ ఆ తరానికే సాధ్యమైన పని. వాహిని, ఏవీఎం, ప్రసాద్ స్టూడియోల చుట్టూ పెరిగినవారికి ఉదయం ఒక భాష, మధ్యాహ్నం మరో భాష మామూలే.

మరి ఆయనే నటుడిగా కనిపించినప్పుడు? ‘ప్రేమికుడు’లో ప్రభుదేవా తండ్రిగా, ‘మిథునం’ (2012)లో అప్పదాసుగా ఆ ముఖానికి ఆ గొంతే ఉంది. అక్కడ కొందరు ప్రేక్షకులకు ఒక వింత అనుభవం ఎదురై ఉంటుంది. ఎక్కడెక్కడో, ఎవరెవరి నోటో విన్న గొంతు ఎట్టకేలకు సొంతదారు దగ్గరికి చేరినట్టు.

టెలివిజన్ ఆయన మాటను పాత్రల చాటు నుంచి బయటకు తెచ్చింది. 1996లో ఈటీవీలో మొదలైన ‘పాడుతా తీయగా’లో పాడేవారు పిల్లలు, మాట్లాడేది బాలు. పాట పుట్టుక, రాగం, రచయిత పదప్రయోగం, పిల్లవాడి ఉచ్చారణలో దొర్లిన తప్పు, అన్నీ ఆ మాటల్లో వచ్చేవి. శ, ష, స తేడా గురించి ఆయన పట్టుబట్టడం డబ్బింగ్ మైకు ముందు నేర్చుకున్న క్రమశిక్షణ కూడా అయి ఉండవచ్చు. మైకు చెవికి దగ్గరగా వినిపించే తప్పును దాచదు.

అదే కాలంలో ప్రైవేటు చానళ్లు డబ్బింగ్ కళాకారులకు కొత్త పని తెచ్చాయి. హిందీ ‘బాలికా వధు’ తెలుగులో ‘చిన్నారి పెళ్లికూతురు’ అయింది. సినిమాకు నెలల్లో జరిగే పని సీరియల్‌కు రోజువారీ కూలిలా సాగింది. అనువాద సీరియళ్ల వల్ల తమ ఉపాధి పోతోందని తెలుగు టీవీ కార్మికులు రోడ్డెక్కిన సందర్భాలూ ఉన్నాయి. ఒకరికి అన్నం పెట్టిన డబ్బింగ్ మరొకరి పళ్లెం లాగేసిందన్న ఫిర్యాదు ఈ వృత్తికి కొత్తేమీ కాదు.

గాయకులు మాటకూ గొంతునివ్వడం బాలు తర్వాత ఒక పరంపర అయింది. ‘ముత్తు’ (1995) నుంచి రజనీకాంత్ తెలుగు గొంతు మనోది. బాలు చెల్లెలు ఎస్.పి. శైలజ టబూ వంటి నాయికలకు మాట చెప్పారు. ‘ఆనంద్’ (2004)లో కమలినీ ముఖర్జీకి సునీత, ‘ఏ మాయ చేసావే’ (2010)లో సమంతకు చిన్మయి గొంతునిచ్చారు. ఆ రెండు సినిమాలనూ ఆ గొంతులు తీసేసి ఊహించుకోవడం కష్టం. ఈలోగా గాలి మరోవైపు కూడా తిరిగింది. ‘బాహుబలి’ హిందీలో ప్రభాస్‌కు శరద్ కేల్కర్, ‘పుష్ప’ హిందీలో అల్లు అర్జున్‌కు శ్రేయస్ తల్పడే మాట చెప్పారు. హాలీవుడ్ బొమ్మలకు హీరోలే డబ్బింగ్ చెప్పడం మొదలైంది. 2019లో ‘ద లయన్ కింగ్’ తెలుగులో సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు, పుంబాకు బ్రహ్మానందం గొంతులిచ్చారు. ఒకప్పుడు డబ్బింగ్ కళాకారుడి పేరు తెర మీద వెతుక్కోవాల్సి వచ్చేది, ఇప్పుడు ఆ పేరే పోస్టర్ మీదికి ఎక్కింది. ముఫాసాకు చెప్పిన రవిశంకర్ మాత్రం పాత తరం వృత్తి కళాకారుల ప్రతినిధిగా ఆ జట్టులో నిలిచారు.

బాలసుబ్రహ్మణ్యం 2020 సెప్టెంబరు 25న చెన్నైలో కన్నుమూశారు. మూడేళ్ల తర్వాత 2023లో వచ్చిన తెలుగు చిత్రం ‘కీడా కోలా’లో ఆయన గొంతు మళ్లీ వినిపించింది. అది కృత్రిమ మేధతో తయారుచేసిన గొంతు. తమను అడగకుండా ఆ పని చేశారంటూ ఆయన కుమారుడు ఎస్.పి. చరణ్ చిత్ర బృందానికి లీగల్ నోటీసు పంపిన సంగతి 2024 ఆరంభంలో పత్రికలకెక్కింది.